గడియారపు దస్తూరి

"మావయ్యా, ఇందులో ఏదో తేడా ఉంది. ఏమిటో మాత్రం చెప్పలేకపోతున్నాను."

మా మేనల్లుడు ఈ మాట అన్నప్పుడు మేం ఢిల్లీ కరోల్ బాగ్‌లో, గఫార్ మార్కెట్ సందులో ఒక అద్దాల పెట్టె ముందు నిలబడి ఉన్నాం. సివిల్స్ చదువు కోసం వాడు పక్కనే ఓల్డ్ రాజిందర్ నగర్‌లో గది తీసుకుని ఉంటున్నాడు. మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ ఆగిపోతే బాగు చేయించడానికి వెళ్తూ వాడినీ తోడు తీసుకెళ్లాను. దారిలో ఒక దుకాణదారు పిలిచి, నల్ల ముఖమల్ గుడ్డ మీద ఒక వాచీ పెట్టాడు. డయల్ మీద ఐదు కొమ్మల కిరీటం, దాని కింద రోలెక్స్ అన్న పేరు. "ఫస్ట్ కాపీ సార్, సెవెన్ ఏ క్వాలిటీ" అన్నాడు. మావాడు ఫోన్‌లో అసలు వాచీ ఫొటో తెరిచి పక్కన పెట్టి చూశాడు. కిరీటం ఉంది, పేరు ఉంది, తేదీ మీద బుడగలాంటి భూతద్దం కూడా ఉంది. లెక్కకు అన్నీ సరిపోయాయి. అయినా వాడి కన్ను ఒప్పుకోలేదు.

వాచీల గురించి వాడు ఎప్పుడూ చదవలేదు. అసలు రోలెక్స్‌ను చేత్తో పట్టుకుని ఎరగడు. మరి ఆ తేడా వాడికెలా తెలిసింది? ఆ రోజు ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఖరీదైన వాచీల కంపెనీలు ఏళ్ల తరబడి కాపాడుకునే రూపం, వాటికి ప్రాణంలాంటి గుర్తింపు, ఎక్కడుంటుందన్న ప్రశ్నకు జవాబు మావాడి ఆ తడబాటులోనే ఉంది.

కరోల్ బాగ్ గురించి ఒక మాట చెప్పాలి. దేశ విభజన తర్వాత ఉన్న ఊళ్లు వదిలి వచ్చినవాళ్లు వ్యాపారం చేసుకుని నిలదొక్కుకున్న చోటు ఇది. సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ పేరును మార్కెట్‌కు పెట్టుకున్నారు. పెద్ద రోడ్డుకు యునానీ వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు. ఆయన పూనికతో ఇక్కడ వెలసిన తిబ్బియా కళాశాలను 1921లో గాంధీజీ ప్రారంభించారు. విదేశీ సరుకు మీద గట్టి ఆంక్షలున్న రోజుల్లో 'ఫారిన్ వాచీ' అంటే ఢిల్లీవాళ్లకు చప్పున గుర్తొచ్చే పేర్లలో గఫార్ ఒకటి. తలుపులు తెరుచుకున్నాక అసలు సరుకు షోరూములకు వెళ్లింది, సందుల్లో నకళ్లు మిగిలాయి. నకిలీ సరుకు దొరికే బజార్లంటూ అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం వేసే జాబితాలో 2021 సంవత్సరానికి కరోల్ బాగ్ టాంక్ రోడ్డు పేరు కూడా ఉంది. ఇక్కడ పనిచేసే చేతులకు నైపుణ్యం తక్కువని మాత్రం నేననను. బీడన్‌పురా సందుల్లోకి వెళ్తే గోరంత బంగారు రేకు మీద పువ్వు చెక్కే కంసాలులు కనిపిస్తారు. కాబట్టి నకలులో తేడాకు చేతకానితనమే కారణమనుకుంటే అసలు సంగతి తప్పిపోతాం.

ముందు కన్ను సంగతి చూద్దాం. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్ అందరం పట్టుకున్నవాళ్లమే. రెండు స్కేళ్ల మీది గీతలు ఏ చోట ఒకే వరసలో కలిశాయో చూసి కొలత చెబుతాం. ఆ పరికరం పనిచేసేది మన కంటికున్న ఒక అసాధారణ శక్తి మీద ఆధారపడి. రెండు చుక్కలను విడివిడిగా చూడాలంటే వాటి మధ్య దూరం మన కంటి దగ్గర సుమారు ఒక ఆర్క్ నిమిషం కోణం చేయాలి. ఆర్క్ నిమిషమంటే డిగ్రీలో 60వ వంతు. వాచీని 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది మిల్లీమీటరులో పదకొండో వంతు. కానీ రెండు గీతలు ఒకే వరసలో ఉన్నాయా, ఒకటి పక్కకు జరిగిందా అన్నది కనిపెట్టడంలో మన చూపు అంతకన్నా ఎన్నో రెట్లు పదును. మంచి వెలుతురులో ఐదు ఆర్క్ సెకన్ల జరుగుడును కూడా పట్టేయగలం. అదే దూరంలో లెక్కేస్తే ఏడు మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు పదో వంతు!

కోణంలో చూస్తే, రెటీనాలో వెలుతురును పట్టే కణాల మధ్య ఎడమే ఈ ఐదు ఆర్క్ సెకన్లకన్నా ఎక్కువ. అయినా ఇంత సూక్ష్మం ఎలా తెలుస్తోంది? ఒక్క కణం చెప్పేది చాలదు. గీత పొడవునా ఉన్న ఎన్నో కణాల సమాచారాన్ని మెదడు కలిపి చూసి, గీత ఎక్కడుందో లెక్క కడుతుంది. దృష్టి శాస్త్రవేత్త జెరాల్డ్ వెస్ట్‌హైమర్ 1975లో ఈ శక్తికి 'హైపర్ అక్యుటీ' అని పేరు పెట్టాడు. సంక్రాంతి ముగ్గులో ఒక్క చుక్క పక్కకు పడితే వాకిట్లోకి వచ్చిన అమ్మమ్మకు ఇట్టే తెలిసిపోయేది. 'ఎక్కడో వంకర పోయిందే' అనేది తప్ప ఏ చుక్కో వెంటనే చెప్పలేకపోయేది. మావాడి తడబాటు అచ్చం అలాంటిదే. అంకె పక్కన అంకె, ముల్లు కొసకు ఎదురుగా నిమిషం గీత, కిరీటం కింద అక్షరాల వరస, ఈ పొందికల్లో ఎక్కడో వెంట్రుకవాసి జరిగింది. వాడి కంటికి అది తెలిసింది కానీ నోటికి రాలేదు.

పొందిక అన్నాను. మనవాళ్లకు దీన్ని చెప్పడానికి ఇంకా మంచి మాట ఉంది, దస్తూరి. బాపు బొమ్మ కింద సంతకం మూసేసి చూపించినా తెలుగువాళ్లు అది బాపు గీతేనని చెప్పేస్తారు. ఆయన చేతిరాత కూడా అంతే. కంప్యూటర్ ఫాంటుగా మారి, పెళ్లి శుభలేఖల మీదికీ పుస్తకాల అట్టల మీదికీ ఎక్కాక కూడా అది బాపు రాతగానే ఉంది. సంతకాన్ని ఎవరైనా దించేయగలరు. దస్తూరిని దించాలంటే ఆ చేయి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఒత్తుతుందో, ఎందుకలా చేస్తుందో తెలియాలి. వాచీ మీది కిరీటం, పేరు సంతకం. ముల్లు పొడవు, అంచు పదును, గీతల ఎడం, వెలుతురు పడినప్పటి మెరుపు దస్తూరి. గఫార్ మార్కెట్ నకలు సంతకాన్ని దించింది, దస్తూరి దగ్గర చిక్కుకుపోయింది.

దస్తూరికి వ్యాకరణం రాసిపెట్టిన కంపెనీ ఒకటుంది. జపాన్ సైకోలో 1959లో చేరిన తారో తనాకా అనే యువ డిజైనర్, టోక్యో గింజాలోని వాకో దుకాణంలో స్విస్ వాచీల పక్కన తమ వాచీలు పెట్టి ఉండటం చూశాడు. స్విస్ వాచీలు మెరుస్తున్నాయి, తమవి వెలవెలబోతున్నాయి. లోపల యంత్రం ఎంత బాగున్నా ముఖంలో కళ లేదు. ఎందుకో ఆలోచించి, 1962 నాటికి ఆయన కొన్ని నియమాలు రాసుకున్నాడు. వాటికి 'డిజైన్ వ్యాకరణం' అని పేరు. కేసు (వాచీ పైతొడుగు) ఉపరితలాలు చదునుగానో, ఒకే దిశలో వంగినవిగానో ఉండాలి. ప్రతిబింబం వంకర పోకూడదు. అంచులు మెత్తబడకూడదు. ముళ్లకూ గంటల గుర్తులకూ కూడా అదే పదును ఉండాలి. ఆ నియమాలన్నీ ఒక్కచోట కుదిరిన వాచీ 1967లో వచ్చిన గ్రాండ్ సైకో 44జీఎస్.

ఇందులో భౌతికశాస్త్రం ఉంది. అద్దం ఒక డిగ్రీ ఒరిగితే దాన్నుంచి తిరిగొచ్చే కిరణం రెండు డిగ్రీలు ఒరుగుతుంది. అంటే పాలిష్ చేసిన ఉపరితలం తనలోని తప్పును రెట్టింపు చేసి చూపిస్తుంది. జాతరలో వంకర అద్దం ముందు నిలబడితే మన బొమ్మ సాగినట్టు, సరిగా చదును కాని కేసు మీద ట్యూబ్‌లైటు ప్రతిబింబం అలలు పోతుంది. ఇక రెండు చదును తలాలు కలిసే అంచు సంగతి. అంచు పదునుగా ఉంటే మణికట్టు కాస్త తిప్పగానే ఒక తలం తళుక్కుమంటుంది, పక్కది ఒక్కసారిగా నల్లబడుతుంది. ఆ తళుకు కోసమే కన్ను వాచీ వైపు తిరుగుతుంది. మెత్తటి గుడ్డ చక్రం మీద ఒత్తి మెరుగు పెడితే పని తొందరగా అయిపోతుంది కానీ అంచు గుండ్రబడుతుంది. అప్పుడు వెలుతురు ఒక తలం నుంచి ఇంకోదానిలోకి జారిపోతుంది తప్ప తెగదు. నకలు వాచీ 'సబ్బు బిళ్లలా' అనిపించడానికి అసలు కారణం ఇది. జపాన్‌లో ఈ పదునైన చదును మెరుగును 'జరాత్సు' అంటారు. సల్లాజ్ అనే కంపెనీ యంత్రాల పేరు జపనీయుల నోట్లో అలా మారింది. మన నోట్లో హాస్పిటల్ ఆసుపత్రి అయినట్టు.

సైకోది రాసుకున్న వ్యాకరణం. చాలా కంపెనీల దస్తూరి అలా రాసి పుట్టలేదు, ఏదో ఒక చిక్కు విప్పబోతే పుట్టింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ మన దేశంలోనే మొదలైంది. బ్రిటిష్ కాలంలో ఇక్కడ పోలో ఆడే సైనికాధికారుల వాచీ అద్దాలు కర్ర దెబ్బలకు పగిలిపోయేవి. దెబ్బకు తట్టుకునే వాచీ కావాలని వాళ్లు స్విస్ వ్యాపారి సేజార్ ద ట్రేను అడిగారు. 1931లో రెనే ఆల్ఫ్రెడ్ షోవో అనే ఇంజనీరు పట్టాల మీద జరిగి, తలకిందులుగా తిరిగే వాచీకి పేటెంటు తీసుకున్నాడు. ఆట మొదలయ్యే ముందు వాచీని తిప్పేస్తే ముఖం లోపలికి, ఉక్కు వీపు బయటికి వస్తాయి. అదే జేజర్ లకూల్ట్ర్ రివర్సో. ఇవాళ దాన్ని కొనేవాళ్లలో పోలో ఆడేవాళ్లు ఎందరుంటారు? అయినా ఆ తిరిగే చట్రం లేకుండా రివర్సోను ఊహించలేం. అవసరం తీరిపోయాక కూడా రూపం నిలిచిపోయింది.

రోలెక్స్ బెజెల్ (అద్దం చుట్టూ ఉండే వలయం) మీద కనిపించే గాళ్లూ ఇలాంటివే. నీరు చొరకుండా బెజెల్‌ను కేసుకు బిగించడానికి పట్టు కావాలి, ఆ పట్టు కోసం గాళ్లు పెట్టారు. 1926 నాటి ఆయిస్టర్ కేసు రోజుల సంగతి అది. ఇప్పుడవి అలంకారమే అయినా కంపెనీ తీసేయదు. తేదీ మీది బుడగ అద్దం 1950లలో వచ్చింది. అది తేదీని సుమారు రెండున్నర రెట్లు పెద్దది చేస్తుంది. చౌక నకళ్లలో తేదీ ఒకటిన్నర రెట్ల దగ్గరే ఆగిపోతుందని వాచీలు తెలిసినవాళ్లు చెబుతారు. ఎందుకో కాస్త లెక్క వేసి చూడండి. అద్దానికీ తేదీకీ మధ్య కొద్ది మిల్లీమీటర్ల దూరమే ఉంది. దూరం మారకుండా ఒకటిన్నర రెట్ల నుంచి రెండున్నర రెట్లకు వెళ్లాలంటే కటకపు శక్తి దాదాపు రెట్టింపు కావాలి, అంటే వంపు అంత ఎక్కువ కావాలి. అంత చిన్న గాజుకు అంత వంపు తెచ్చి, అది సరిగ్గా అంకె నడినెత్తిన కూర్చునేలా అతికించాలి. బుడగ ఉందా లేదా అని చూసేవాళ్లకు రెండు వాచీలూ ఒకటే. తేదీ గడినిండా అంకె నిండిందా అని చూసేవాళ్లకు వేరు.

ఇక 1972లో వచ్చిన ఓడెమార్ పిగే రాయల్ ఓక్. దీన్ని గీసిన జెరాల్డ్ జెంటాకు కంపెనీ నుంచి సాయంత్రం ఫోను వస్తే తెల్లారేసరికి బొమ్మ గీశాడంటారు. ఎనిమిది పలకల బెజెల్, దాని మీద బాహాటంగా కనిపించే ఎనిమిది మరలు. అప్పటిదాకా ఖరీదైన వాచీ అంటే బంగారం, మరలను దాచేయడం. ఇది ఉక్కు వాచీ, ధర 3,300 స్విస్ ఫ్రాంకులు. ఉక్కును అంత పదునుగా కోయడం ఎంత కష్టమంటే, మొదటి నమూనాలను తెల్ల బంగారంతో చేశారు, అది మెత్తన కాబట్టి. ఆ ఎనిమిది మరల తలల మీది గాట్లు అన్నీ చక్రాకారంలో ఒకే తీరుగా తిరిగి ఉంటాయి. ఎవరో ఓపిగ్గా ఒక్కొక్కటీ సరిచూసి బిగించారనిపిస్తుంది. నిజానికి అవి తిరగనే తిరగవు. తల ఆరు పలకలది, అది కూర్చునే గుంటా ఆరు పలకలదే. బిగించేది వెనక వైపు నుంచి. అంటే గాట్ల వరస అందం కోసం పెట్టినట్టు కనిపిస్తున్నా, వాచీని బిగించే పద్ధతిలోంచే వచ్చింది. మామూలు స్క్రూలు వాడిన నకలులో ఒక గాటు అటు, ఒకటి ఇటు చూస్తుంటుంది. ఇక్కడ నకలు చేసినవాడి చేతిని తప్పుపట్టలేం. వాడు రూపం తీసుకున్నాడు, కారణం తీసుకోలేదు.

ముళ్ల నీలం గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కార్టియే వాచీల్లో కత్తిలాంటి నీలి ముళ్లుంటాయి. సంప్రదాయ పద్ధతిలో ఆ నీలానికి రంగు అక్కర్లేదు. మెరుగు పెట్టిన ఉక్కును మెల్లగా వేడి చేస్తే గడ్డి రంగు, గోధుమ, ఊదా, చివరికి 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో నీలం వస్తాయి. ఉక్కు మీద అతి పలుచని ఆక్సైడు పొర పెరుగుతుంది. పొర పైనుంచి తిరిగొచ్చే వెలుతురూ, అడుగు నుంచి తిరిగొచ్చే వెలుతురూ కలిసి కొన్ని రంగులను చంపేస్తాయి, కొన్నిటిని పెంచుతాయి. నెమలి పింఛంలోనూ, వాన నీటి మీద తేలే నూనెలోనూ ఉన్నది ఇదే రకం మాయ. అందుకే ఆ ముల్లు ఒక కోణంలో నల్లగా, ఇంకో కోణంలో ఆకాశంలా కనిపిస్తుంది. నీలం రంగు పూసిన ముల్లు ఏ కోణంలో చూసినా నీలమే. మనకు కారణం తెలియదు, ప్రాణం లేదనిపిస్తుంది.

ముళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ప్రకటనల్లో వాచీలు దాదాపు ఎప్పుడూ పది గంటల పది నిమిషాలే చూపిస్తాయి. పన్నెండు కింద ఉండే పేరును ముళ్లు కప్పకపోవడం ఒక కారణం. 2017లో 'ఫ్రాంటియర్స్ ఇన్ సైకాలజీ' పత్రికలో అహ్మద్ కరీం, ఆయన సహ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఇంకో కారణం చూపింది. పదీ పదికి ముళ్లు నవ్వే పెదవుల్లా పైకి విచ్చుకుంటాయి, చూసేవాళ్ల మనసు కాస్త తేలికపడుతుంది. ఎనిమిదీ ఇరవైకి అవి కిందికి వాలిన పెదవులవుతాయి. డయల్‌ను 'ముఖం' అనడం ఉత్త అలంకారం కాదన్నమాట. గుండ్రని దేన్ని చూసినా ముఖం వెతికే మెదడు మనది.

ఇక మన వాచీల సంగతికి వస్తాను. హెచ్‌ఎంటీ బెంగళూరులో జపాన్ సిటిజన్ సాయంతో 1961లో వాచీలు మొదలుపెట్టింది. తొలి వాచీలను నెహ్రూ విడుదల చేశారు. మా నాన్నగారి జనతా ఆ వంశంలోదే. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. సెకనుకు ఐదు సార్లు కొట్టుకుంటుంది. సన్నని గంటల గీతలు, సన్నని ముళ్లు. ఇందులో విలాసం ఇసుమంతైనా లేదు. అయినా దానికి దస్తూరి ఉంది. బస్సులో ఎదురు సీటు పెద్దాయన చేతిని చూసి పేరు చదవకుండానే జనతా అని చెప్పేయొచ్చు. దేవనాగరి అంకెలతో కూడా హెచ్‌ఎంటీ డయళ్లు చేసింది. చాలా ఏళ్లు నష్టాల్లో నడిచాక, 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఇప్పుడు దేశదేశాల సేకర్తలు ఆ వాచీల కోసం వెతుకుతున్నారు.

హైదరాబాద్ కూడా వాచీలు చేసింది. నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి 1942లో పెట్టిన ఆల్విన్ తర్వాతి కాలంలో ఫ్రిజ్‌లు చేసింది, బస్సులకు బాడీలు కట్టింది, 1980లలో సైకో సాంకేతిక సహకారంతో వాచీలూ చేసింది. మా మేనమామ చేతికి ఆల్విన్ ఉండేది. నిక్కచ్చిగా నడిచేది. కానీ కళ్లు మూసుకుంటే నాకు దాని ముఖం గుర్తుకు రాదు, పేరే గుర్తొస్తుంది. డిజైన్‌కు వ్యాకరణం రాసుకున్న సైకోతో చేయి కలిపిన కంపెనీ యంత్రం నేర్చుకుంది, ముఖం మాత్రం తనదంటూ ఒకటి తయారు చేసుకోలేకపోయిందని నా అభిప్రాయం. హైదరాబాద్‌కు ఆ లోటు ఉండనక్కర్లేదు. బిద్రీ పని నల్లదనం మీద వెండి గీత ఎలా మెరుస్తుందో తెలిసిన నేల అది.

ముఖం తయారు చేసుకున్నది టైటన్. టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి 1984లో పెట్టిన కంపెనీ. కర్మాగారం హోసూరులో. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే టీకొట్టు దగ్గర వినిపించే ఊరు. హెచ్‌ఎంటీ స్ప్రింగును నమ్ముకుని ఉంటే టైటన్ క్వార్ట్జ్ మీద పందెం కాసింది. క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అది రెండును పదిహేను సార్లు హెచ్చవేస్తే వచ్చే అంకె, కాబట్టి వరసగా పదిహేను సార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా సెకనుకు ఒక్క దెబ్బ మిగులుతుంది. దీనివల్ల కచ్చితత్వం వచ్చిందని అందరూ అంటారు. డిజైనరుకు దొరికిన లాభం వేరు. యంత్రం చిన్నదైంది, పలుచనైంది, రూపం మీద దాని పెత్తనం తగ్గింది. ఆ దారి చివరికంటా వెళ్తే వచ్చింది 2002 నాటి టైటన్ ఎడ్జ్. యంత్రం మందం 1.15 మిల్లీమీటర్లు. అద్దం, ముళ్లు, డయల్, యంత్రం, వెనక మూత అన్నీ కలిపి వాచీ మొత్తం మందం 3.5 మిల్లీమీటర్లు. రెండు మూడు నాణేలు ఒకదాని మీద ఒకటి పెడితే అంతుంటుంది. ఎడ్జ్ డయల్ మీద చెప్పుకోదగ్గ అలంకారం లేదు. పలుచదనమే దాని దస్తూరి. చొక్కా కఫ్ కిందికి జారిపోయే తీరు చూసి దాన్ని గుర్తుపడతాం. రివర్సోకు పోలో దెబ్బ, రాయల్ ఓక్‌కు మర, ఎడ్జ్‌కు మిల్లీమీటరులో వందో వంతు కోసం హోసూరు ఇంజనీర్లు పడ్డ తపన. నాకు ఈ మూడూ ఒకే కోవలోవిగా కనిపిస్తాయి.

ఇంత కష్టపడి సంపాదించుకున్న దస్తూరిని చట్టం కాపాడుతుందా? సంతకాన్ని బాగానే కాపాడుతుంది. కృత్రిమ నగలకు రోలెక్స్ పేరు పెట్టి అమ్ముతున్న వ్యాపారిని 2009లో ఢిల్లీ హైకోర్టు ఆపింది. నగలు వేరు, వాచీలు వేరు అన్న వాదన నిలవలేదు. ఇంటర్నెట్‌లో ఖరీదైన బ్రాండ్ల నకళ్లు అమ్మిన కేసులో కార్టియేకు అనుకూలంగా 2016లో అదే కోర్టు కోటి రూపాయల శిక్షా పరిహారం విధించింది. రూపం దగ్గరికి వచ్చేసరికి చట్టం చేయి జంకుతుంది. మన డిజైన్ల చట్టం కింద కొత్త రూపానికి పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ. ఆ తర్వాత అది అందరిదీ. రాయల్ ఓక్ అంతటి వాచీ ఆకారాన్నే ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమంటే జపాన్, అమెరికా అధికారులు ఒప్పుకోలేదు. ఎనిమిది పలకలను ఒక్కరికే ఎలా రాసిచ్చేస్తారు? నాకది సబబుగానే తోస్తుంది. దస్తూరిని కాపాడుకోవాల్సింది మళ్లీ మళ్లీ అదే శ్రద్ధతో రాసే చేయి.

భారత్, స్విట్జర్లాండ్ తదితర దేశాల మధ్య కుదిరిన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద సుంకం దశలవారీగా తగ్గుతుంది, అసలువి మరికొంత చేరువవుతాయి. ఆ పోటీలో నిలబడాలంటే మనకంటూ ముఖాలు కావాలి. నాకో కోరిక ఉంది, తెలుగు అంకెల డయల్ ఒకటి చూడాలని. అనుకున్నంత తేలిక కాదది. మన ౧, ౨, ౩ గుండ్రని ఒంపులు. చిన్న సైజులో అచ్చు వేస్తే ఒంపుల్లో సిరా నిండి ౨, ౩ ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి, ౧ సున్నాలోకి జారిపోతుంది. రోమన్ గీతలకు ఈ చిక్కు లేదు. డయళ్ల మీద అక్షరాలు వేసేది ప్యాడ్ ప్రింటింగుతో. చెక్కిన పలకలోని సిరాను మెత్తటి సిలికాన్ దిండు అద్దుకుని డయల్ మీద వదులుతుంది. పలక సరిగా చెక్కి, సిరా చిక్కదనం కుదిరితే అక్షరం అంచు భూతద్దంలో కూడా తెగినట్టుంటుంది. లేకపోతే చెమ్మగోడ మీద నినాదంలా పాకుతుంది. మన ఒంపులను డయల్‌కు తగినట్టు మళ్లీ గీయాలి, ఎక్కడ విప్పాలో ఎక్కడ సన్నబరచాలో కన్నుతో తేల్చుకోవాలి. బాపు గీతకు అలవాటుపడ్డ జాతికి ఈ పని చేయగల చేతులు లేకపోవు.

ఆ రోజు చివరికి వాచీలు బాగుచేసే ఉస్తాద్ దగ్గరికి చేరాం. మెట్ల కింద బల్లంత చోటు, పైన ఒక దీపం, కంటికి లూపు అనే చిన్న భూతద్దం. నాన్న వాచీ వెనక మూత విప్పి చూసి, నూనె ఎండిపోయిందన్నారు. తర్వాత డయల్ వైపు తిప్పారు. అరవై ఏళ్ల గోధుమరంగు మరకలు, ఏడు దగ్గర రంగు లేచిన చోటు.

"భాయ్‌సాబ్, డయల్ కూడా కొత్తగా కొట్టించేదా? రెండు రోజుల్లో కొత్త పెళ్లికొడుకులా చేసి ఇస్తాను."

నా గుండె ఝల్లుమంది. కొన్నేళ్ల కిందట ఒక దుకాణంలో ఇంకో పాత వాచీ ఇస్తే అడగకుండానే ముఖానికి కొత్త రంగు కొట్టి ఇచ్చారు. అక్షరాలు లావెక్కాయి, నిమిషాల గీతలు వంకర పోయాయి. అది మా తాతగారిది. మళ్లీ పెట్టుకోలేకపోయాను.

"వద్దు ఉస్తాద్‌జీ, ముఖం ముట్టుకోవద్దు. నడిస్తే చాలు" అన్నాను.

ఆయన లూపు తీసి నా వైపు ఒకసారి చూశారు. కాగితం పొట్లం మీద ఉర్దూలో ఏదో రాసుకుని వాచీని అందులో పెట్టారు. సోమవారం బజారు సెలవు, మంగళవారం రమ్మన్నారు. బయటికి వస్తుంటే మావాడు అన్నాడు, "మావయ్యా, ఇందాకటి వాచీలో తేడా దొరికింది. సెకన్ల ముల్లు గీత మీద ఆగట్లేదు, రెండు గీతల మధ్య ఆగుతోంది."

మంగళవారం సాయంత్రం వాడే వెళ్లి వాచీ తీసుకొచ్చాడు. కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాను. సెకనుకు ఐదు.